తొమ్మిది దీపాల బేరం

మ్యూజియం గుమ్మంలో తాతగారికీ, కూతురికీ, మనవరాలికీ తలా పది రాగి నాణేలిచ్చారు. పాత రోమన్ నాణేలకు నకళ్లు. లోపల హాల్లో వేసిన రోమన్ సంతలో అవే చెల్లుతాయట.

మనవరాలు తన వాటా పావుగంటలో ఊదేసింది. తాతగారు మాత్రం తల దువ్వుకుని, తిన్నగా మట్టిదీపాల కొట్టుకి నడిచారు. అక్కడ తెల్లటి రోమన్ వస్త్రాల్లో, తలమీద ముసుగుతో ఒకావిడ కూర్చుని ఉంది.

నాణెం ఇచ్చి ఒక దీపం కొన్నారు. ఇది ఆముదంతో వెలుగుతుందా, మరో నూనె పోయాలా అని అడిగారు. ఆలివ్ నూనె అందావిడ, పొడిగా. కాసేపటికి మళ్లీ వెళ్లి ఇంకోటి కొన్నారు. మూడోసారి బయల్దేరుతుంటే మనవరాలు ఏదో అనబోయింది. కూతురు చప్పున దాని నోరు మూసి, నాణేలు అచ్చువేసే బల్ల దగ్గరికి లాక్కుపోయింది.

అయిదో దీపానికి పక్కకొట్లో అత్తర్లు అమ్మే ఆమె కిసుక్కున నవ్వింది. తాతగారు పట్టించుకోలేదు.

తొమ్మిది దీపాలయ్యాయి. పదో నాణెం మాత్రం వెంటనే ఇవ్వకుండా తిప్పి చూపించారు.

“ఈ కలిపిన చేతులు ఎవరివండీ?”

“రాజుగారివీ రాణిగారివీ. సఖ్యతకి గుర్తు.” ఆవిడ తలెత్తలేదు. “అయినా ఇన్ని దీపాలెందుకు? మీ ఇంట్లో ఆవిడ ఏమీ అనదా?”

“అంటే బాగుండును. చెప్పకుండా ఆమె పాత పుస్తకాలన్నీ తూకానికి అమ్మేశాను.”

“తప్పు కాదూ?”

తాతగారు గొంతు సవరించుకున్నారు. ఇన్నాళ్లూ ఎవరెంత చెప్పినా ఆ మాట ఆయన నోట రాలేదు.

“తప్పే. నాదే తప్పు.”

ఆవిడ నాణెం పుచ్చుకుంది గానీ దీపం ఇవ్వలేదు. నాలుగింటికి కొట్టు కట్టేస్తానని, ఎదురు వీధిలో కాఫీ బాగుంటుందని ముసుగు సర్దుకుంటూ చెప్పింది.

ఆయన సంచి నిండా దీపాలతో, ఈలవేసుకుంటూ తిరిగొచ్చారు. కూతురు నడుంమీద చేతులు వేసుకుని నిలబడి ఉంది.

“అందరూ చూస్తుండగా ఇదేం పని నాన్నా?”

“ఇంట్లో పదమూడు రోజులుగా నాతో పలకని మీ అమ్మ, ఇక్కడ వేషం కట్టి కొట్లో కూర్చున్నాక కొనడానికొచ్చినవాడితో మాట్లాడక తప్పదు కదమ్మా.”