అల్లుడి ముక్కు

“ముక్కు పనిచేయని కుక్కకి మూడు పూటలా మాంసం దేనికయ్యా?” అన్నాడు పెద్దసారు.

రేవు గోదాములో తనిఖీ విభాగానికి ఆయనే అధికారి. ఆయన బల్ల ముందు కుక్కల హ్యాండ్లర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని కాళ్ల దగ్గర గోధుమరంగు కుక్క ఒకటి నేలకి గడ్డం ఆనించి పడుకుంది. బతిమాలితే గాని ముద్ద ముట్టదని గోదాములో అందరూ దానికి అల్లుడు అని పేరు పెట్టారు.

“మత్తుమందు మన కళ్ల ముందు నుంచే దాటిపోతోంది. బయట పట్టుకున్నవాళ్లు ఫోన్ చేసి మరీ నవ్వుతున్నారు. వీడేమో పెట్టెల మధ్య పెళ్లినడకలు నడుస్తున్నాడు. కొత్త కుక్క కావాలని అడిగాను. వీడికి సూది వేయించి సాగనంపెయ్.”

“వాడికి ఒంట్లో బాగాలేదు సార్. ఒక్కసారి పశువుల డాక్టరమ్మకి చూపిస్తాను.”

“చూపించుకో. నయం కాకపోతే మాత్రం మళ్లీ నా దగ్గరికి రాకు.”

డాక్టరమ్మ అల్లుడి పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. రక్తం తీసి గాజుపలకల మీద పరిచి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. తర్వాత హ్యాండ్లర్‌ని కూడా చూడమంది.

“ఎర్ర కణాల్లో చుక్కలు కనిపిస్తున్నాయా? అవి పిడుదు కుట్టి ఎక్కించిన క్రిములు. ఇదిగో, ఈ రెండో పలక మీద మెలికలు తిరుగుతున్నవి గుండెపురుగు పిల్లలు. వాటిని దోమ తెచ్చింది.”

“రెండూ ఒకేసారా అమ్మా?”

“రెండూ. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి ఉంటుంది కదా, అది ఇద్దరు శత్రువులతో కొట్లాడి కొట్లాడి మతి తప్పింది. క్రిమి ఉన్న కణమేదో, లేనిదేదో చూసుకోకుండా సొంత రక్తాన్నే తినేస్తోంది.”

“దాన్ని ఆపే మందు లేదా?”

“ఉంది. గట్టిగా ఆపితే పురుగులకి ఆడింది ఆట. ఆపకపోతే రక్తం మిగలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.”

హ్యాండ్లర్ కుక్క వీపు నిమిరాడు. “బాగైతే ముక్కు కూడా మామూలుగా అవుతుందా?”

“ఎందుకవదు? జ్వరంతో మూలిగేవాడికి వాసనల మీద ధ్యాసెక్కడిది? బాగుపడితే ముక్కూ బాగుపడుతుంది.”

అతను అల్లుడి ముక్కు మీద వేలితో రాశాడు.

“అయితే మొదలుపెట్టండి,” అన్నాడు.

ఒంటి కోపాన్ని కొద్దిగా అణచడానికి ఒక మాత్ర, కణాల్లోని క్రిములకి ఇంకో మందు ఇచ్చారు. మొదట్లో అల్లుడు ఇంకా దిగజారాడు. మూత్రం డికాషన్ రంగుకి తిరిగింది. ఒక మధ్యాహ్నం తల ఎత్తలేకపోతే డాక్టరమ్మ కూడా పెదవి విరిచింది. హ్యాండ్లర్ సెలవు పెట్టి ఆస్పత్రి నేల మీదే దుప్పటి పరుచుకున్నాడు. ఉడికించిన మాంసం మెత్తగా రుబ్బి, వేలితో నాలుక మీద రాసేవాడు.

“తినరా నాయనా. మర్యాదల్లో ఏం లోటు చేశాం?”

క్యారియర్ తెచ్చిన భార్య అది చూసి, “నా కాన్పుకి కూడా మీరిన్ని రోజులు కూర్చోలేదు,” అంది.

ఎలాగో రక్తం నిలబడింది. తర్వాత గుండెపురుగుకి సూదులు మొదలయ్యాయి. “వీణ్ణి పరుగెత్తనివ్వకు. చచ్చిన పురుగు ముక్క వెళ్లి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనం చేసేదేమీ ఉండదు,” అంది డాక్టరమ్మ. అల్లుణ్ణి ఆస్పత్రిలోనే బోనులో పెట్టారు. సెలవు అయిపోయి హ్యాండ్లర్ డ్యూటీలో చేరినా, పని దిగగానే వచ్చి బోను పక్కన కూర్చునేవాడు. నెలలు గడిచాయి. చిగుళ్లు ఎర్రబడ్డాయి. మళ్లీ రక్తం చూస్తే పలక మీద చుక్కా లేదు, మెలికా లేదు.

డాక్టరమ్మ స్వయంగా అల్లుణ్ణి గోదాముకి తీసుకొచ్చింది. పెద్దసారు కబురు పెడితే హ్యాండ్లర్ డ్యూటీ మధ్యలో లేచి వచ్చాడు.

“పరీక్ష రేపన్నారు కదా సార్?”

“రేపు నాకు వేరే పనుంది. ఇప్పుడే కానిద్దాం. ఆ వరసలో ఒక పెట్టెలో సరుకు పెట్టించాను. దాని ముందు కూర్చున్నాడా, ఉద్యోగం ఉంటుంది. లేదా, కొత్త కుక్క ఎలాగూ వస్తోంది.”

“వాడింకా ఏమీ తినలేదు సార్.”

“తినొచ్చి రాయడానికి వాడిదేమైనా పదో తరగతి పరీక్షా?”

హ్యాండ్లర్ గొలుసు అందుకున్నాడు. “వెతకరా,” అన్నాడు మెల్లగా.

అల్లుడు చెవులు నిక్కించి ముక్కు గాలిలోకి ఎత్తాడు. పెట్టెల వైపు ఒక్క అడుగు వేసి ఆగాడు. గిరుక్కున వెనక్కి తిరిగొచ్చి, హ్యాండ్లర్ ఎదురుగా నిటారుగా కూర్చున్నాడు.

“మళ్లీ వెతకమను.”

“వెతకరా.”

అల్లుడు కదల్లేదు. హ్యాండ్లర్ మొహంలోకే చూస్తున్నాడు.

“పొద్దుట్నుంచీ ఇతని కోసమే ఎదురుచూస్తున్నాడు సార్. బెంగ. ఇంకొక్క అవకాశం ఇవ్వండి,” అంది డాక్టరమ్మ.

“బెంగ తీర్చుకోవడానికి ఇదేం పుట్టిల్లు కాదమ్మా. పెట్టెల వంక కన్నెత్తి కూడా చూడలేదు. వీడి పని అయిపోయింది. సాయంత్రంలోగా ఆ సూదేదో వేసేయండి.”

డాక్టరమ్మ తల దించుకుంది. పెద్దసారు వెళ్లడానికి వెనుదిరిగాడు. హ్యాండ్లర్ మోకాళ్ల మీద కూర్చుని కుక్క తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“శభాష్‌రా అల్లుడూ,” అన్నాడు.

తర్వాత లేచి, “వాడికి సూది అక్కర్లేదు సార్, ముక్కు బ్రహ్మాండంగా ఉంది,” అంటూ చొక్కా గుండీలు విప్పి, పొట్టకి కట్టుకున్న మత్తుమందు పొట్లాన్ని తీసి పెద్దసారు చేతిలో పెట్టాడు.