దాటేసిన దృశ్యం

అప్పటికి కాకినాడలో అందరి కళ్లద్దాలూ ఇంటి ముచ్చట్లను వీడియో గేముల్లో వచ్చే సినిమా దృశ్యాల్లా మలిచి దాచిపెట్టేవి. విన్న సంగతే మళ్ళీ మొదలైతే దాటేయొచ్చు. మనిషి బదులు అద్దాలే ఊ కొట్టేవి. దాటేసింది మాత్రం దాచేవి కావు.

పెళ్లయి నెల తిరిగిన వకుళ, అత్తగారు సుభద్రమ్మతో కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"మీ మామయ్యగారు పెళ్లిచూపులకి వానలో స్కూటరేసుకొచ్చారా..." అని ఆవిడ మొదలెట్టింది.

ఇది పదోసారి. వకుళ దాన్ని దాటేసి, నిన్న భర్త తన నోట్లో మిరపకాయ బజ్జీ పెట్టిన దృశ్యంలోకి వెళ్లిపోయింది. వెనక వయొలిన్లు కూడా ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి సుభద్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదమ్మా ఇది. మధ్యలో అడ్డు రాకుండా విన్నావు. గుండెల మీద బరువు దిగింది."

వకుళ ముఖం సిగ్గుతో మండిపోయింది. అద్దాలు తీసి చిక్కుడుకాయల పళ్ళెంలో పెట్టింది.

"నేను వినలేదండి అత్తయ్యగారూ. ఊ కొట్టింది ఇవి. ఇంకొక్కసారి చెప్పరూ?"

సుభద్రమ్మ ఆ అద్దాలను పక్కకి జరిపి, ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

"స్కూటరు కథ చెబుతాలే," అంది. "అదైతే ఎన్నిసార్లయినా చెప్పగలను."