అద్దం ముందు గొడుగు

మధ్యాహ్నం ఎండ ఎదురు మేడల సందులోంచి మూలికా మందుల కొట్టు మీద పడేసరికి ఆ ముసలాయన మళ్ళీ వచ్చాడు. వీపు కొట్టు ముందరి అద్దానికి ఆనించి, గొడుగు విప్పుకుని నిలబడ్డాడు.

కొట్టు యజమానురాలికి ఒళ్ళు మండింది.

మామగారి కాలంలో మందులన్నీ చీకటి గదిలో, చెక్క బీరువాల్లో మగ్గేవి. అద్దం పెట్టించి, సీసాలు వరుసగా పేర్చి, కొట్టుకి కళ తెచ్చింది తనే. ఆ కళకే ఇప్పుడు ఈయన అడ్డం.

"తాతగారూ, నీడ కావాలంటే బస్టాపులో కూర్చోండి."

"నీడ నాకు కాదమ్మా. ఆ సీసాలు కాస్త లోపల పెట్టించు. ఎండకి..."

"మా కొట్టు సంగతి మాకు తెలుసులెండి. సీసాలు దాచుకుంటే బేరాలెలా వస్తాయి?"

ఆయన గొడుగు దించలేదు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ.

చివరికి విసిగిపోయి, ఒకరోజు వాకిలి కడుగుతున్నట్టే బకెట్టు నీళ్ళు ఆయన కాళ్ళ మీదికి కొట్టింది. తడిసిన చెప్పులు చేత పట్టుకుని వెళ్ళిపోయాడు.

పీడ వదిలిందనుకుంది.

ఆ వారంలోనే ఒకామె ఆయాసం మందు తిరిగి తెచ్చింది.

"ఇది మందా, కుడితా? మా నాన్న ఊపిరాడక గిలగిల్లాడిపోయాడు!"

కంగారుగా వరుసంతా దింపింది. అటు చివరా ఇటు చివరా మందు వెలిసిపోయి, మూతలు ఉబ్బి ఉన్నాయి. నడిమధ్యన, గొడుగంత మేర మాత్రం, కాచిన నాటి నలుపే ఉంది.

పరుగున ఎదురు వాచీ రిపేరు కొట్టుకి వెళ్ళింది.

"అన్నా, ఆ గొడుగాయన ఎక్కడుంటాడు?"

"ఇంకెక్కడమ్మా! నిన్ననే కూతురొచ్చి తన ఊరు తీసుకెళ్ళిపోయింది."

"అసలెవరాయన?"

వాచీల అన్న చేతిలోని పని పక్కన పెట్టాడు. "నీతో చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఆ కొట్టు పిల్ల బాధపడుతుందన్నాడు."

"చెప్పన్నా."

"పోయినేడు నీ దగ్గర ఆయాసం మందు కొనే ఆవిడ గుర్తుందా?"

దగ్గు పిన్ని! ఎందుకు గుర్తులేదు? స్టూలు మీద కూలబడి, రొప్పుతూనే "చల్లగా ఉండు తల్లీ" అనేది. అద్దం దగ్గర చేతికందిన సీసానే ఇచ్చి పంపేది తను. నడి ఎండాకాలంలో రావడం మానేస్తే, కొట్టు మార్చేసిందని, విశ్వాసం లేని మనిషని తిట్టుకుంది కూడా.



"ఆవిడకి ఆఖరి గుక్కదాకా నీ మందే పట్టిన మొగుడమ్మా, ఆ గొడుగాయన."