గోల్కొండ చప్పట్లు

హైదరాబాద్ ఎలా ఉందని అడిగినవాళ్లకు అప్పలలక్ష్మి చార్మినార్ సంగతే చెప్పింది. గోల్కొండ సంగతి దాచుకుంది.

కింద గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కోటపైన వినిపిస్తాయని గైడు చెప్పాడు. మొగుడు సింహాద్రిని కొట్టమని, ఆయాసపడుతూ పైకెక్కింది. వినిపించాయి. మురిసిపోతూ దిగొచ్చింది.

"నానెక్కడ కొట్టినాను? టీ తాగుతన్నాను," అన్నాడతను.

ఇప్పుడు నర్సీపట్నంలో, ఊరు సద్దుమణిగాక, పెరటి తలుపు అవతల అవే చప్పట్లు.

"ఏవండీ, ఇనబడతందా?"

"తొంగోయే," అని సింహాద్రి అటు తిరిగాడు.

చప్పట్లు ఆగాయి, ఆమె జవాబు కోసం కాచుకున్నట్టు. కాపురానికొచ్చాక తనను ఇంత ఓపిగ్గా పిలిచినవాళ్లు లేరు. అప్పలలక్ష్మి చీకట్లో లేచి కూర్చుని, మెల్లగా చప్పట్లు కొట్టింది.

ఈసారి జవాబు తలుపుకి ఇవతల మోగింది.