గిలిగింత అభ్యర్థి

"మన గుట్టంతా ఆ జోకులోడికి మోస్తున్నదెవరో శుక్రవారంలోగా తేల్చు. తేల్చలేదో, ఆ దొంగవి నువ్వే అనుకుంటా," అన్నాడు నాయకుడు.

పీఏది పదహారేళ్ల కొలువు. ఇల్లూ, కూతురి చదువూ, వీధిలో పరువూ దాని మీదే నిలబడి ఉన్నాయి.

ఇదంతా గిలిగింత అనేవాడు తెచ్చిన తంటా. వేదికలెక్కి జోకులు చెప్పుకుని బతికే మనిషి, నాయకుడి మీద పోటీకి దిగాడు. తీసుకున్న గుర్తు దువ్వెన, ఎందుకంటే నాయకుడిది విగ్గు. "గెలిస్తే ఏం చేస్తారు?" అనడిగితే, "ఆయన చేసిందే. కాకపోతే చెప్పి చేస్తా," అన్నాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. జనానికేం, పైసా ఖర్చు లేకుండా నవ్విస్తే చాలు, ఇల్లు కాలుతున్నా కూర్చుని వింటారు.

రోజూ సాయంత్రం ఏడింటికి టీవీలో కొత్త గుట్టు. నాయకుడు విగ్గును ఫ్రిజ్‌లో దాస్తాడట. నిద్రలో తనకు తానే జై కొట్టుకుంటాడట. అన్నీ నిజాలే!

పీఏ ముందు వంటావిడను గెంటేశాడు. "మా ఇంట్లో టీవీ కూడా లేదు బాబూ," అని ఆవిడ ఏడుస్తూ వెళ్లిపోయింది. గుట్టు మాత్రం ఆగలేదు.

దాంతో బల్ల మీది వంతెన విచారణ కాగితాలన్నీ పక్కకు నెట్టి వల పన్నాడు. అయ్యగారు బొద్దింకకు జడిసి మంచమెక్కారని డ్రైవరు చెవిలో ఊదాడు. సొంత సంతకం మరిచిపోయారని నాయకుడి బావమరిదికి చెప్పాడు. రెండూ అబద్ధాలే. ఏది టీవీలో వస్తే ఆ చెవిగలవాడే దొంగ.

శుక్రవారం పొద్దున నాయకుడు పొట్టకు బెల్టు బిగించమన్నాడు. తలుపు వేసిన గదిలో ఇద్దరే. పీఏ మోకాలు ఆనించి లాగితే బకిల్ ఊడి ఎగిరి, గోడ మీది నాయకుడి ఫొటో అద్దం పగిలింది.

"ఇది బయటికి పొక్కిందో..."

"చచ్చినా పొక్కదు సార్!"

ఏడింటికి ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. గిలిగింత వచ్చాడు. బొద్దింక ఊసెత్తలేదు, సంతకం ఊసూ ఎత్తలేదు.

"ఇవాళ పొద్దున నాయకుడుగారి బెల్టు బకిల్ ఊడిందండీ!" అన్నాడు.

పీఏ కుర్చీలోంచి లేచాడు. తను చెప్పలేదు. కానీ నమ్మేదెవరు? కాళ్ల మీద పడదామని నాయకుడి వైపు తిరిగాడు.

నాయకుడి కళ్లు టీవీ మీదే ఉన్నాయి. పెదాలు మాత్రం కదులుతున్నాయి. "ఇన్నేళ్లలో నాకు ఎదురు తిరిగింది నా పొట్ట ఒక్కటే," అని గొణిగాడు.

ఒక్క క్షణం ఆగి, టీవీలో గిలిగింత అచ్చం అదే మాట అన్నాడు. చప్పట్లు మారుమోగాయి.

"బాగా రాశానా?" అన్నాడు నాయకుడు.

"మీరా సార్? మరి నన్ను దొంగను పట్టమని శుక్రవారం దాకా..."

నాయకుడు తాపీగా టీవీ కట్టేశాడు.

"కూలిన వంతెన కాగితాలు విచారణకు అందజేయడానికి గడువు ఇవాళ ఐదింటితో అయిపోయింది. పదకొండు మంది పోయారు, జనమంటే నవ్వుతూ మరిచిపోయారు, పంపాల్సినవాడివి నువ్వెలా మరిచిపోయావయ్యా?"