గంజు అంచు మీది నంబరు

ఆ పొద్దు అస్కర్ అనే ఎడారి ఊరి మీద ఆకాశం దుమ్ముతో ఎర్రబడి ఉంది. విదేశీ సైన్యం ఖాళీ చేసిన క్యాంపులో సామాను మాయమైందని వాచ్‌మన్ దేవేందర్‌ను పనిలోంచి తీసేశారు. అతను సంచితో, అక్కడే ఊడ్చే పని చేసిన ముత్తన్న, పరమేశ్‌ల గదికి వచ్చాడు.

"పెద్దోళ్లు లారీలు నింపుకపోయిన్రు. దొంగ పేరు నాకొచ్చింది. ఖలాస్."

"మా సంగతి అడిగిన్రానే?" అన్నాడు పరమేశ్.

"అడిగిన్రు. మా ఊరోళ్లు చెంచా గూడ ముట్టలేదని నా బిడ్డ మల్లిక మీద ఒట్టేసిన. గేటుకాడ మీ సంచులు ఎన్నడన్న విప్పి చూసిన్నా?"

ముత్తన్న చూపు పొయ్యి వైపు పోయింది. ఆ రోజు వంట వంతు తనదే. అన్నం వండిన గంజు ఆ క్యాంపుదే. ఎంత తోమినా అంచు మీది నంబరు పోలేదు.

"కూసో అన్నా, తిందువు," అంటూ గంజు మీద గుడ్డ కప్పాడు.

దేవేందర్ గుడ్డ తీశాడు. నంబరును వేలితో తడిమి చూశాడు. నంబరు గోడవైపుకు వచ్చేలా గంజును తిప్పి, మూడు పళ్లేల్లో తనే వడ్డించాడు.