తువ్వాల కింద బేరం

రెండు పళ్లకు డెబ్బై వేలు అనేసరికి ప్రభుదాసు నోరు ఇంకాస్త తెరుచుకుంది. మేడ్చల్ డాక్టరు అదే అదనుగా మరోసారి లైటు వేసి చూశాడు.

బయటికొచ్చి ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర కూలబడ్డాడు ప్రభుదాసు. మొన్న అల్వాల్‌లో అరవై ఐదన్నారు. ఇక్కడ డెబ్బై. తన దగ్గరున్నవి యాభై.

కౌకూర్ బ్యాండులో ప్రభుదాసు క్లారినెట్ అందుకుంటే, పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని మరిచిపోయి అతని వెనకాలే నడిచేవాడని చెప్పుకుంటారు. ఎక్కువగా ప్రభుదాసే చెప్పుకుంటాడు. పోయిన నెల బరాత్‌లో గుర్రం ఈగను తోలుకోబోయి తల విసిరింది. క్లారినెట్ గొంతుదాకా పోయి వచ్చింది. వస్తూ వస్తూ ముందరి రెండు పళ్లను వెంటబెట్టుకొచ్చింది. అప్పట్నుంచి ఎంత ఊదినా విజిల్ ఊడిన కుక్కరులా బుస్సుమని గాలే తప్ప పాట లేదు.

క్రిస్మస్ ఊరేగింపు నాటికి పళ్లు రాకపోతే క్లారినెట్ ఫిన్నీ చేతికిస్తానని బ్యాండు మాస్టరు ఎడ్వర్డ్ తేల్చేశాడు. ఫిన్నీ ఇరవై ఏళ్లుగా తాళాలు కొడుతున్నాడు. ఒక్కనాడూ అవి పాటతో కలిసింది లేదు. అలాంటివాడి చేతికి తన క్లారినెట్టా!

"పండ్ల కోసమా తమ్మీ?" అన్నాడు పక్కనున్న పెద్దాయన. తెల్ల ధోవతి, భుజాన ఎర్ర తువ్వాల.

"నీకెట్ల తెల్సిందే?"

"సగం చాయ్ నీ అంగే తాగుతాంది కద!"

ఆయన పేరు సిద్దయ్య. నలభై ఏళ్లు బర్ల బేరాలు చేసినవాడు.

"ఒకపాలి నేను బేరం జేస్తే అమ్మెటోడు బర్రెనిచ్చిండు, దుడ్డెనిచ్చిండు, గడ్డిమోపు నెత్తిన వెట్టుకొని మా ఇంటిదాక వచ్చి దించిండు. 'ఇంకేమన్న గావాల్నా అన్నా' అని దండం వెట్టి మరీ పోయిండు."

ప్రభుదాసు కళ్లు మెరిశాయి. "పండ్ల బేరం గూడ జేస్తవా అన్నా?"

"నోరున్న దేనికైనా జేస్త. శామీర్‌పేటల కొత్త దవాఖాన వడ్డది, పా పోదాం. నా దలాలీ రెండు వేలు. నీకాడ ఎన్నున్నయో నాకు జెప్పు. డాక్టరు కాడ మాత్రం నోరిప్పకు."

"పండ్ల డాక్టరు కాడ నోరిప్పకుంటే ఎట్లనే?"

ఆటోలో సిద్దయ్య చెవిలో చెప్పాడు ప్రభుదాసు. యాభై. పైన రూపాయి లేదు.

శామీర్‌పేట డాక్టరు పేరు శృతి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మేడ్చల్‌లో తీసిన ఎక్స్‌రే చూసింది, నోరు చూసింది.

"ఇంప్లాంట్లే వెయ్యాలి. ఇయ్యాల ఎముకలో మొలలు దించితే నాలుగు నెలలకు పైన పండ్లు పెడతా. క్రిస్మస్‌కు మస్తుగ ఊదుకోవచ్చు. రెంటికి అరవై ఎనిమిది."

సిద్దయ్య బల్ల మీదున్న నమూనా మొలను అరచేతిలో ఎగరేశాడు. "గింత మొలకా? పొద్దుమాపు పాలేమన్న ఇస్తదా డాక్టరమ్మా?"

"టైటానియం, పెద్దమనిషీ! మీ దోస్తు పోయినా ఇది పోదు."

"మావోని నోరు సూడు. తక్కిన పండ్లన్ని రాతిగుండ్లు. గసువంటి ఇరుగుపొరుగు నడుమ ఏ పన్నైనా పైస లేకుంట పుక్యానికి నిలవడ్తది."

అంటూ భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పుకున్నాడు. బర్ల అంగడిలో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద ఒక్క వేలు పట్టుకుంటే పదివేలు, కణుపు నొక్కితే వెయ్యి. చుట్టూ ఉన్నవాళ్లకు గుడ్డ తప్ప ఏమీ కనపడదు.

"ఇగో డాక్టరమ్మా, గిట్ల వేలు వట్టుకుంటె..." అని సిద్దయ్య మొదలుపెట్టేసరికి ఆమె చెయ్యి తువ్వాల కింద ఉండనే ఉంది.

తువ్వాల కదిలింది. ఆగింది. ఎగిరిపడింది. సిద్దయ్య "వామ్మో!" అని చెయ్యి లాక్కుని తలుపుదాకా నడిచాడు. ఆమె పిలవలేదు. ఆయనే తిరిగొచ్చాడు. తువ్వాల కింద రెండు పిల్లులు కొట్లాడుకుంటున్నట్టుంది. నర్సు రోజీ తలైనా ఎత్తకుండా దూది చుట్టుకుంటోంది.

ప్రభుదాసు మురిసిపోయాడు. ఈ కాలపు కాలేజీల్లో ఏమేం నేర్పుతున్నారో!

"నలభై ఎనిమిది!" సిద్దయ్య తువ్వాల దులిపి కేకేశాడు. "బస్తీ మొత్తం వచ్చి పండ్లు వెట్టిచ్చుకున్నా గీ ధర రాదు తమ్మీ!"

నలభై ఎనిమిది డాక్టరుకు. రెండు సిద్దయ్యకు. జేబు పూర్తిగా ఖాళీ అయింది, మనసు పొంగిపొర్లింది. ప్రభుదాసు సిద్దయ్యను గట్టిగా వాటేసుకున్నాడు.

"దేవుడే నిన్ను నా కోసం ఆ చాయ్ బండి కాడ కూసోవెట్టిండన్నా!"

"ఏదో తమ్మీ, మనతోని అయిన సాయం" అన్నాడు సిద్దయ్య వినయంగా.

కుర్చీ వెనక్కి వాలింది. సూది పడింది. పెదవి మొద్దుబారింది, నాలుక ఎక్కడుందో తెలియలేదు, నోటినిండా దూది. అయితేనేం? ప్రభుదాసు తలలో అప్పుడే ఊరేగింపు బయల్దేరింది. ముందు తాను, వెనకాల ఊరంతా, అందరికన్నా వెనక తాళాలతో ఫిన్నీ. గుర్రాలన్నీ పక్క వీధిలో బుద్ధిగా నిలబడి వింటున్నాయి.

శృతి గ్లౌజులు తొడుక్కుంటూ తలుపు వైపు గొంతు పెంచింది.

"నాయినా, మేడ్చల్‌ల ఇగ సాలు, రేపటిసంది అల్వాల్ దవాఖాన ముంగట కూసో!"